తాత తవ్విన బొగ్గు తప్పా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది గోదావరిఖని. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా బాపు 32 ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. తట్టా చెమ్మస్ (గంప, పార) రోజుల్లో ఫిల్లర్‌గా, అంటే బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పనిలో చేరారు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో శిలాజ ఇంధనాల మీద ప్రాజెక్ట్ ఇస్తే, "బొగ్గు భూమిని చంపుతోంది" అని పెద్ద అక్షరాలతో చార్ట్ రాసి హాల్లో గోడకు అంటించాడు. అదే వారం బాపు మా ఇంటికి వచ్చారు. చార్ట్ చూసి ఏమీ అనలేదు. రాత్రి అన్నం దగ్గర మావాడు, "తాతా, నువ్వు తవ్విన బొగ్గంతా పొగై ఇంకా గాల్లోనే ఉందట, నిజమేనా?" అని అడిగాడు. బాపు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. నాలుగు రోజులుంటానని వచ్చిన మనిషి తెల్లారే బస్సెక్కారు. అప్పటినుంచి ఫోన్‌లో "బాగున్నా బిడ్డా" తప్ప మాట లేదు. పిల్లవాడిని తిట్టాలో, బాపుకి సర్దిచెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఈ బొగ్గు, పెట్రోలు, గ్యాస్ అసలు ఎలా తయారయ్యాయి? వాటివల్ల మంచి ఎంత, చెడు ఎంత? మా తమ్ముడు మైనింగ్ డిప్లొమా చేసి బాయిలో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాడు, వద్దనాలా? ఇంకో చిన్న విషయం. బాపు ఎప్పుడో బాయిలోంచి తెచ్చిన ఆకు గుర్తున్న రాయి మా టీవీ పక్కన ఉంటుంది. అది నిజంగా ఆకేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు చివర్లో చిన్న విషయం అని రాసిన ఆ రాయి దగ్గరే మొదలుపెడతాను.

అది నిజంగా ఆకే. ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మామిడాకు కన్నా కాస్త వెడల్పుగా, కొన మొద్దుగా, నాలుక చాపినట్టు ఉందా? నడుమ లావుపాటి ఈనె, దానికి రెండు వైపులా సన్నటి ఈనెలు ఒకదానితో ఒకటి కలుసుకుంటూ వల అల్లినట్టు ఉన్నాయా? అయితే అది గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో గ్లోసా అంటే నాలుక, ఆకు ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. బొగ్గు పొరకు పైకప్పులా ఉండే బూడిద రంగు పలకరాతిలో దాని ఆకులు ఇలా అచ్చుపడి దొరుకుతాయి. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో జియాలజీ చెప్పాను. పిల్లల్ని ఇల్లందు వైపు తీసుకెళ్లినప్పుడు సుత్తితో అంచు మీద నెమ్మదిగా కొడితే పలక పుస్తకంలా విచ్చుకునేది. లోపల ఒక ఆకు కాదు, ఒకదాని మీద ఒకటి పది పదిహేను. శీతాకాలంలో వాకిట్లో బాదం చెట్టు ఆకులన్నీ ఒక్కసారే రాల్చినట్టు. ఈ చెట్టు కూడా చలి ముదిరితే ఆకులు రాల్చేదనే శాస్త్రవేత్తల అభిప్రాయం. మీ బాపు తెచ్చింది అలా రాలిన ఒక ఆకు. అది రాలి 25 కోట్ల ఏళ్లు దాటింది.

ఇదే ఆకు దక్షిణ ధ్రువం దగ్గర కూడా దొరికింది. 1912లో స్కాట్ బృందం ధ్రువం దాకా వెళ్లి, తిరిగివస్తూ మంచులో చనిపోయింది. తిండి లేదు, కాళ్లు మంచుకు కుళ్లిపోతున్నాయి, అయినా వాళ్లు తమ స్లెడ్జి మీద సుమారు 16 కిలోల రాళ్లను వదలకుండా లాక్కుంటూ వచ్చారు. కొన్ని నెలల తర్వాత శవాల దగ్గర ఆ రాళ్లు దొరికాయి. వాటిలో ఉన్నది ఈ నాలుక ఆకే. ఇప్పుడు చెట్టు మొలవని మంచు ఖండంలో ఒకప్పుడు మన గోదావరిఖనిలో ఉన్న చెట్టే ఉండేదన్నమాట. ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా అప్పట్లో ఒకే నేల. దాన్ని గోండ్వానా అంటారు. పేరు మన గోండులదే, గోండుల నేల అని. మధ్య భారతంలో ఆ కాలపు రాళ్లను చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులు ముందు ఆ పేరు వాడారు. ఆ తర్వాత 1885లో ఆస్ట్రియా దేశపు ఎడ్వర్డ్ సూస్, ఈ ఆకు దొరికిన దేశాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని గ్రహించి, ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు స్థిరపరిచాడు. ఈ సూస్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక బొగ్గు ఎలా తయారైందో చూద్దాం. అప్పటికి మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. పెద్ద మంచుయుగం ఒకటి అప్పుడే ముగుస్తోంది. మన బొగ్గు పొరల కిందికి ఇంకా తవ్వుతూ పోతే మంచు ఈడ్చుకొచ్చి పడేసిన గుండ్రాళ్ల పొర తగులుతుంది. మంచు కరిగింది, నీళ్లు నిలిచాయి, చిత్తడి అడవులు పెరిగాయి. ఇప్పటి ప్రాణహిత, గోదావరి లోయ ఉన్న చోట నేల రెండు పగుళ్ల మధ్య పట్టీలా కిందికి కుంగుతూ ఉండేది. ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా. చెట్టు పడిపోయేది, ఆకు రాలేది, వరద కొమ్మల్ని ఈడ్చుకొచ్చి ఆ పల్లంలో వేసేది.

చెట్టు చస్తే కుళ్లి మట్టైపోవాలి కదా, బొగ్గెందుకు అయింది అని మీ అబ్బాయి అడుగుతాడు. ఆవకాయ జాడీ చూపించండి. నూనెలో మునిగి ఉన్న ముక్క ఏడాదైనా పాడవదు, పైకి తేలిన ముక్కకు మాత్రం బూజు పడుతుంది. గాలి తగలకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు పని సాగదు. ఆ చిత్తడి అడుగున కూడా అంతే, కదలని నీళ్లు, ప్రాణవాయువు లేదు. చెట్టు సగం కుళ్లి ఆగిపోయింది. దాని మీద ఇంకో చెట్టు, దాని మీద వరద తెచ్చిన ఇసుక, బురద, మళ్లీ అడవి, మళ్లీ బురద. కింద ఉన్నది అణిగిపోతూ వచ్చింది. మొదట పీట్, అంటే తడి చెత్తలా ఉండి, ఎండబెడితే కాలేది. ఇంకా అణిగితే లిగ్నైట్, తమిళనాడు నైవేలీలో తవ్వేది అదే. ఇంకా లోతుకు పోయి వేడెక్కితే మన సింగరేణి బొగ్గు. అంతకన్నా ముదిరితే ఆంథ్రసైట్, అది మన దేశంలో దాదాపు లేనట్టే. నీరు, తేలిక వాయువులు పిండుకుపోయి, కర్బనం శాతం పెరుగుతూ పోవడమే ఈ కథంతా. పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది, బొగ్గయ్యేసరికి ఎన్నో రెట్లు సన్నబడుతుంది. కాబట్టి మనిషి నిలబడేంత ఎత్తు పొర అంటే దాని వెనుక వేల ఏళ్ల అడవి ఉంది. మీ బాపు ఒక షిఫ్ట్‌లో టబ్బుల్లోకి ఎత్తిన బొగ్గు అది.

మన బొగ్గుకు ఒక స్వభావం కూడా ఉంది. చెట్టు నిలబడిన చోటే పూర్తిగా పేరుకున్నది కాదు, వరద కొట్టుకొచ్చి పోసినది ఎక్కువ. చెట్టుతోపాటు మట్టీ వచ్చింది. అందుకే మన బొగ్గులో బూడిద ఎక్కువ, కిలోకు మూడో వంతు దాకా ఉంటుంది. గంధకం మాత్రం తక్కువ, అది కాస్త మేలు.

శిలాజం అనగానే పిల్లలకు డైనోసార్ గుర్తొస్తుంది. "డైనోసార్లు చచ్చి పెట్రోలు అయ్యాయి" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది నిజం కాదు. మన బొగ్గు పేరుకునే నాటికి డైనోసార్లు ఇంకా పుట్టనే లేదు. మీ అబ్బాయిని ఒక ఆదివారం బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు ఇదే ప్రాణహిత, గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికినవి. అది ఉన్న రాళ్లు బొగ్గు రాళ్ల కన్నా పైన ఉంటాయి, అంటే ఎన్నో కోట్ల ఏళ్లు చిన్నవి.

పెట్రోలు, డీజిల్ చెట్లవి కావు, సముద్రానివి. కంటికి కనబడని నాచు, నలుసంత ప్రాణులు చచ్చి సముద్రం అడుగున బురదలో కలుస్తాయి. అక్కడా ఆవకాయ సూత్రమే, గాలి అందకపోతే కుళ్లవు. ఆ బురద రెండు, మూడు, నాలుగు కిలోమీటర్ల లోతుకు కుంగి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల ఏళ్లు మగ్గితే అందులోని కొవ్వు పదార్థం చమురు అవుతుంది. వేడి ఇంకా ముదిరితే గ్యాస్ అవుతుంది. ఇది భూమి లోపల చెరువులా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎండాకాలం వాగులో ఇసుక పైకి పొడిగా కనిపిస్తుంది, చెలిమె తవ్వితే నీళ్లు ఊరతాయి. చమురూ అలాగే ఇసుకరాతి రంధ్రాల్లో ఉంటుంది. నీటికన్నా తేలిక కాబట్టి పైపైకి పాకుతుంది. పైన బిగుతైన పలకరాయి ఏదైనా అడ్డుపడితే దాని కింద ఆగుతుంది. అడ్డు లేని చోట ఎప్పుడో పైకి కారి ఆవిరైపోయింది. అందుకే చమురు అన్ని చోట్లా దొరకదు. మనం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచి కొనుక్కుంటున్నాం.

ఇక్కడ ఒక సంగతి నాకెప్పుడూ ఆశ్చర్యమే. గోదావరి పైభాగంలో బొగ్గు, సముద్రంలో కలిసే చోట గ్యాస్. రెండూ వేరు వేరు అనుకుంటాం. కానీ మండపేట ప్రాంతంలో నేల అడుగున చాలా లోతులో ఉన్న గ్యాస్‌కి మూలం ఏమిటో తెలుసా? మన సింగరేణి కాలానికి చెందిన బొగ్గు పొరలే. ఆ లోయ అలాగే డెల్టా కిందిదాకా పోతుంది. గోదావరిఖనిలో ఆ పొరలు తవ్వుకోగలిగినంత పైన మిగిలాయి. కోనసీమ వైపు కిలోమీటర్ల లోతుకు కుంగి, వేడికి ఉడికి గ్యాస్ వదిలాయి. ఆ గ్యాస్ పైనున్న ఇసుకరాతిలో చిక్కుకుంది. గోదావరిఖని బొగ్గూ మండపేట గ్యాసూ అక్కచెల్లెళ్లన్నమాట. డెల్టాలో, సముద్రంలో దొరికే మిగతా గ్యాస్ చాలావరకు అంతకన్నా చిన్న వయసుది.

మంచి సంగతి చెప్పకుండా చెడు చెప్పడం న్యాయం కాదు. ఒక మనిషి రోజంతా ఒళ్లు వంచి పనిచేస్తే అతని కండ చేసే పని సుమారు అర యూనిట్ కరెంటుతో సమానం. లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల వేడి ఉంది. ఇంజన్‌లో చాలా భాగం వృథా పోయినా రెండు యూనిట్ల పని మిగులుతుంది. నలుగురు కూలీల ఒక రోజు కష్టం, నూట చిల్లర రూపాయలకు! ఇంత చవకైన బలం మనిషి చరిత్రలో ఎప్పుడూ లేదు. సీసాలో పోసి పెట్టొచ్చు, రాత్రైనా వానైనా వాడుకోవచ్చు. బొగ్గు కుప్ప కూడా అంతే, యార్డ్‌లో పోసి పెడితే కరెంటు కావాల్సినప్పుడు కాలుతుంది.

అన్నం సంగతి కూడా చెప్పండి మీవాడికి. యూరియాకు నైట్రోజన్ గాలిలోంచి వస్తుంది, దాన్ని పట్టే హైడ్రోజన్ బొగ్గు నుంచో గ్యాస్ నుంచో రావాలి. మీ ఊరి పక్కనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతో యూరియా చేయడానికి కట్టినది. అది 1999లో మూతపడింది, 2021లో అక్కడే కొత్త ఫ్యాక్టరీ గ్యాస్‌తో మొదలైంది. వరి పైరు ఆ బస్తా మీద ఆధారపడి ఉంది. బోరు మోటార్లకు వచ్చే కరెంటు సంగతీ అంతే, ఇవాళ్టికీ దేశంలో పుట్టే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గుదే. వంటగ్యాస్ ముచ్చట వస్తే నేను ఇంకా మొండిగా మాట్లాడతాను. కట్టెల పొయ్యి ముందు గొట్టం ఊదుతూ, కళ్లు మండుతూ, ఊపిరితిత్తులు పాడుచేసుకున్న అమ్మలను చూసినవాడిని. శిలాజ ఇంధనాలు తగ్గించుకుంటూ పోయేటప్పుడు అన్నిటికన్నా చివర ముట్టాల్సింది పేదింటి సిలిండర్‌ని. మొదట కాదు.

ఇప్పుడు చెడు. మీ అబ్బాయి అన్నది చాలావరకు తప్పు కాదు, అది ఒప్పుకోవాలి. పొగంతా గాల్లోనే లేదు, సుమారు సగాన్ని సముద్రాలు, చెట్లు పీల్చుకున్నాయి. మిగతాది మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకుని వాడినే లెక్క వేయమనండి. నెలకు 200 యూనిట్లు అనుకుందాం, అదంతా బొగ్గు కరెంటే అనుకుందాం. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. అంటే 140 కిలోలు, అయిదారు బియ్యం బస్తాల బరువు. అందులో 45 కిలోల పైచిలుకు బూడిద మిగులుతుంది. పొగగొట్టంలోంచి పోయే కార్బన్ డయాక్సైడ్ బరువు మాత్రం దాదాపు 200 కిలోలు. 140 కిలోలు కాలిస్తే 200 కిలోలు ఎలా వచ్చాయని అడుగుతాడు, అడగాలి కూడా. కర్బనం కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. 12 గ్రాముల కర్బనానికి 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి 44 గ్రాములవుతుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో కూడా ఉండదు, కాలితే రెండుంబావు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

అది కంటికి కనబడదు, వాసన రాదు. ఇన్ని కోట్ల ఏళ్లు నేలకింద ఉన్న కర్బనాన్ని రెండు వందల ఏళ్లలో పైకి తెచ్చి గాలిలో కలిపాం. యంత్రాల యుగానికి ముందు గాలిలో ప్రతి 10 లక్షల అణువులకు 280 ఉండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది భూమి వేడిని బయటకు పోనివ్వదు. 2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా చనిపోయారు. ఆ ఎండ మొత్తం బొగ్గు వల్లే అనను. వడగాడ్పులు మనకు కొత్త కాదు. కానీ వాటికి కింద మంట పెడుతున్నది ఈ లెక్కే. ఆ ఎండకు ముందు పడిపోయింది ఉపాధి కూలీ, ఇటుకబట్టీ మనిషి, రోడ్డు మీద బండి తోసేవాడు. ఏసీ గదిలో కూర్చుని కరెంటు ఎక్కువ కాల్చినవాడు కాదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

దగ్గర్లో ఉన్నవాళ్లకు తగిలే దెబ్బ వేరు. మీరు అక్కడే పుట్టారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. దండెం మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి మాసిపోవడం, ఓపెన్‌కాస్ట్ (పైనుంచే నేలను తవ్వుకుంటూ పోయే గని) బ్లాస్టింగ్‌కి గోడలు అదరడం, ఊరు ఊరే లేచిపోయి ఎక్కడో కాలనీలో పడటం, పొలాలున్న చోట మట్టిగుట్టలు మొలవడం, అన్నీ మీరు చూసే ఉంటారు. సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే తిరిగి రాదు. గ్యాస్ బొగ్గు కన్నా శుభ్రం, అదే కరెంటుకు దాదాపు సగం కార్బన్ డయాక్సైడే వదులుతుంది. అయితే దానికీ ప్రమాదాలున్నాయి. 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో అదే కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా కాలిపోయారు, తెల్లవారుజామున, చాలామంది నిద్రలోనే.

అమ్మా, ఇప్పుడు సూస్ దగ్గరికి వస్తాను. గోండ్వానాకు పేరు స్థిరపరిచిన ఎడ్వర్డ్ సూస్‌కి ఒక మనవడు ఉండేవాడు, హాన్స్ సూస్. అమెరికాలో రసాయన శాస్త్రవేత్త. గాలిలో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్ నిజంగా మనం కాల్చిన బొగ్గు, చమురుదేనా, లేక సముద్రం నుంచో కుళ్లే చెట్ల నుంచో వస్తోందా అని తేల్చాల్సిన రోజులవి. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే రకం కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చాక అది ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతూ పోతుంది. కోట్ల ఏళ్లనాటి బొగ్గులో అది బొత్తిగా ఉండదు. కాబట్టి గాలిలో బొగ్గు పొగ కలిసేకొద్దీ గాలిలో కార్బన్-14 పలచబడాలి, పాలలో నీళ్లు కలిపితే పలచబడినట్టు. ఆ గాలి పీల్చి పెరిగిన చెట్టు కొయ్యలో కూడా ఆ తేడా కనబడాలి. హాన్స్ సూస్ పాత చెట్ల కొయ్యనూ కొత్త కొయ్యనూ కొలిచి చూశాడు. 19వ శతాబ్దపు కొయ్య కన్నా 20వ శతాబ్దపు కొయ్యలో కార్బన్-14 తక్కువగా ఉంది. 1955లో ఆ సంగతి ప్రకటించాడు. ఇప్పటికీ దాన్ని సూస్ ఎఫెక్ట్ అనే అంటారు. మీ అబ్బాయి "పొగంతా గాల్లోనే ఉందట" అని తాతని అడగగలిగాడంటే, ఆ మాటకు గట్టి రుజువుల్లో ఇదొకటి.

తాత బొగ్గు పుట్టిన నేలకు పేరు పెట్టాడు. మనవడు ఆ బొగ్గు కాలి ఎక్కడికి పోయిందో కనిపెట్టాడు. ఒకరి పని ఇంకొకరి పనిని తుడిచేయలేదు. మీ ఇంట్లో కూడా ఉన్నది ఒక తాత, ఒక మనవడే కదా అని మీ ఉత్తరం చదవగానే నాకు అనిపించింది.

మీ బాపు లేచిపోవడం కోపంతో కాదనుకుంటాను. 32 ఏళ్లు మస్టర్ పడి, క్యాప్ ల్యాంప్ పెట్టుకుని చీకట్లోకి దిగిన మనిషి. మొదటి షిఫ్ట్‌కి వెళ్లిన వాళ్లందరూ పైకి వచ్చారా అని ఇంట్లోవాళ్లు వాకిట్లో నిలబడి చూసిన రోజులు అవి. ఆ చెమటతో మిమ్మల్ని చదివించారు. ఆ చదువుతో మీరు హైదరాబాద్ చేరారు, మీ కొడుకు ఆ స్కూల్లో చేరాడు. అక్కడ నేర్చుకున్నదాన్ని తీసుకుని తాతనే నిలదీశాడు. పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. అందుకే తిట్టకండి, చెప్పండి. బొగ్గు కావాలన్నది తాత కాదు. బల్బు కావాలన్నది దేశం, మోటారు కావాలన్నది రైతు, ఏసీ కావాలన్నది మనం. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు పొర కనిపెట్టాడు. 1886లో లండన్‌లో పెట్టిన కంపెనీ దాని హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. ఆ లండన్‌లోనే 1882లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం తెరిచారు. బ్రిటన్ తన చివరి బొగ్గు ప్లాంట్‌ని 2024 సెప్టెంబర్ 30న మూసింది. నూట నలభై ఏళ్లు కడుపునిండా కాల్చుకుని లేచారు. ఇవాళ్టికీ ఒక అమెరికన్ మీద ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంటే, ఒక భారతీయుడి మీద పడేది 2 టన్నులు. ముందు తగ్గించాల్సింది ఎవరో ఈ లెక్కే చెప్తుంది. అలాగని మనం కూర్చోవడం కుదరదు. ఎండ దెబ్బ ఎక్కువ తగిలేది మనకే కాబట్టి మన తొందర మనకు ఉండాలి.

మార్పు మీ ఊరి పక్కనే కనిపిస్తోంది. రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత ప్లాంట్ 2024లో మూతపడింది. ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. సింగరేణి కూడా 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టింది. మన దేశం 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నా చేస్తానని చెప్పింది. ఆ మధ్యలో గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం లాంటి ఊళ్లను ఏం చేస్తామన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. బాయి మూతపడితే జీతం ఒక్కటే పోదు. హోటల్, కిరాణా, ట్యూషన్, ఆటో అన్నీ పోతాయి. బెల్లంపల్లి వాళ్లను అడగండి, చెప్తారు. దేశానికి వెలుగిచ్చిన ఊళ్లను చీకట్లో వదిలేసి పర్యావరణం కాపాడామంటే నేను ఒప్పుకోను.

తమ్ముడి సంగతి. వద్దనకండి, కళ్లు తెరుచుకుని వెళ్లమనండి. బొగ్గు రేపే ఆగిపోదు. దేశం ఏడాదికి తవ్వే బొగ్గు 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. అతని సర్వీస్ మొదటి సగం ఢోకా లేకుండా గడుస్తుంది. రెండో సగం గురించి ఆలోచించాలి. పాత అండర్‌గ్రౌండ్ గనులు తగ్గి, సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పటికే ఓపెన్‌కాస్ట్ నుంచి వస్తోంది. అక్కడ మనుషుల కన్నా యంత్రాలు ఎక్కువ. కాబట్టి ఉద్యోగంలో చేరినా బొగ్గుకే పరిమితమయ్యే పని మాత్రమే నేర్చుకుని ఆగొద్దు. సర్వే, వెంటిలేషన్, ఎలక్ట్రికల్, రాతి బలం లెక్కలు, వీటికి రాగి గనిలోనూ సున్నపురాయి క్వారీలోనూ సొరంగం పనిలోనూ గిరాకీ ఉంటుంది. ఓవర్‌మన్ (గనిలో పని పర్యవేక్షించే ఉద్యోగి), మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షలు వాయిదా వేయకుండా రాయమనండి. ఇంకొకటి, మాస్క్ పెట్టుకోమనండి. "మా నాయిన పెట్టుకున్నడా" అని ఇప్పటి పిల్లలు అంటుంటారు. మీ బాపునే చెప్పమనండి, ఆయన దగ్గు విన్నవాడు వింటాడు.

ఇక వచ్చే సెలవులకు బాపుని హైదరాబాద్ రమ్మనకండి. మీరే పిల్లవాడిని తీసుకుని గోదావరిఖని వెళ్లండి. క్షమాపణ చెప్పించే కార్యక్రమం పెట్టొద్దు, ఇద్దరికీ ఇబ్బంది. ఆ రాయి బ్యాగ్‌లో పెట్టుకోండి. పిల్లవాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, తాత ఏ బాయిలో, ఎంత లోతులో, పొర ఎంత మందం ఉన్నచోట పనిచేశాడో, ఈ రాయి ఎక్కడ దొరికిందో అడిగి రాసుకోమనండి. పైకప్పు మీద కర్రతో తట్టి, చప్పుడు విని అది గట్టిగా ఉందో వదులైందో ఎలా తెలుసుకునేవాడో అడగమనండి. ఏ పుస్తకంలో ఎంత చదివినా ఆ చప్పుడు తేడా తెలియదు, నాకూ ఒక ముసలి సర్దార్ (గనిలో పని భద్రత చూసే ఉద్యోగి) చూపిస్తేనే తెలిసింది. చార్ట్ చింపనక్కర్లేదు. దాని కింద ఆ తాత చెప్పిన నాలుగు మాటలు చేర్చమనండి చాలు.

వీలైతే ఆ ఆకు ఫొటో ఒకటి నాకు పంపండి. మిట్టమధ్యాహ్నం తీయొద్దు, ఫ్లాష్ వేయొద్దు. పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుని తీయమనండి పిల్లవాడిని. అప్పుడే ఈనెలు తేలి కనిపిస్తాయి.